మెల్‌బోర్న్ ఉగాది భోజనాలు: లెక్క రేపు ఆరింటికల్లా

గూడూరు బాబాయ్, బుధవారం రాత్రి 8.40
వంటాయన రేపు సాయంత్రం ఆరింటికల్లా ఎంతమందో చెప్పమంటున్నాడు. చేపల పులుసు ఎందరికి, పప్పు ఎందరికి, విడివిడిగా. పనులివి: 1. పేర్ల లిస్టు 2. హాలు తాళాలు 3. పచ్చడికి వేపపూత 4. పిల్లల డాన్సుకి మైకు. ఎవరేది చూస్తారో రాయండి.

ఒంగోలు అక్క, 8.52
మూడోది నాది. లిస్టు మాత్రం రావట్లేదు. పేర్లున్న డేటాబేస్ తెరవబోతే ఎర్రర్ 1045, యాక్సెస్ డినైడ్ అంటోంది. రూట్, అదే మెయిన్ అకౌంటు, పాస్‌వర్డ్ ఎవరు మార్చారు?

ఉదయగిరి, 8.58
కావలి తమ్ముడే అయ్యుంటాడు. చెల్లెలి పెళ్లికని ఊళ్లో ఉన్నాడు, ఫోనెత్తట్లేదు. అక్కడిప్పుడు మూడున్నర, ఆఖరి బంతికి వడ్డిస్తుంటాడు.

ఒంగోలు అక్క, 9.03
సంక్రాంతికీ ఇదే గోల. అన్నీ తన తలకాయలో పెట్టుకుని విమానం ఎక్కేస్తే మేమేం చేయాలి?

గూడూరు బాబాయ్, 9.06
అమ్మాయ్, వాడు లేకపోతే ఆ సర్వరే లేదు.

ఒంగోలు అక్క, 9.07
సర్వర్ లేనప్పుడు నోటుబుక్కు ఉండేది బాబాయ్. దానికి పాస్‌వర్డ్ లేదు.

కందుకూరు, 9.20
కాస్త ఆగండి, చూస్తున్నా. మెషీన్‌లోకి నా లాగిన్ పనిచేస్తోంది, సుడో ఉంది, అంటే అడ్మిన్ పనులు చేయొచ్చు. డేటా ఎక్కడికీ పోలేదు. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్ 8. సర్వీస్ ఆపి, ఎవరికేం అనుమతుందో రాసుండే టేబుల్స్‌ని చూడొద్దని చెప్పే స్కిప్ గ్రాంట్ టేబుల్స్ ఆప్షన్‌తో లేపుతా. అప్పుడు పాస్‌వర్డే అడగదు, ఇల్లు బార్లా తీసిపెట్టినట్టే. అందుకే వెర్షన్ 8లో అలా లేపితే బయటి కనెక్షన్లు దానంతటదే మూసేస్తుంది. రిజిస్ట్రేషన్ పేజీ కాసేపు ఆగుతుంది.

ఉదయగిరి, 9.24
రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో ఉద్యోగ రొట్టె పట్టుకున్నా, పెళ్లి రొట్టె పట్టుకున్నా. ఈసారి పాస్‌వర్డ్ రొట్టె.

కందుకూరు, 10.05
సర్వర్ లేచింది గానీ పాస్‌వర్డ్ మారట్లేదు. పాత అలవాటు కొద్దీ పాస్‌వర్డ్ ఫంక్షన్‌తో అప్‌డేట్ కొట్టా. 8లో ఆ ఫంక్షనే తీసేశారు. పాస్‌వర్డ్ మార్చే కమాండ్ ఆల్టర్ యూజర్ కొడితే ఎర్రర్ 1290 అంటోంది: స్కిప్ గ్రాంట్ టేబుల్స్‌తో నడుస్తున్నాను, ఈ పని కుదరదు అని.

ఒంగోలు అక్క, 10.12
నువ్వు కుస్తీ పట్టు. నేను బ్యాంకు స్టేట్‌మెంట్ తీశా. మనిషికింతని కట్టారు గదా, భాగిస్తే 209 తలలు తేలాయి. పులుసా పప్పా అన్నది బ్యాంకుకి తెలీదు, ఫోన్లు చేయాల్సిందే. ఉదయగిరీ, సగం నీవి.

ఉదయగిరి, 10.13
ఈ టైములోనా?

ఒంగోలు అక్క, 10.14
తిండి గురించి అడిగితే ఎవరూ విసుక్కోరులే.

కందుకూరు, 10.40
అయింది! ముందు ఫ్లష్ ప్రివిలెజెస్ అనే కమాండ్ కొట్టాలి. అప్పుడు ఆ అనుమతుల టేబుల్స్ మళ్లీ చదువుకుంది, ఆల్టర్ యూజర్ కిక్కురుమనకుండా తీసుకుంది. సర్వర్‌ని మామూలుగా లేపేశా. మొత్తం 214, పులుసు 171.

ఒంగోలు అక్క, 10.44
అంటే ఐదుగురు డబ్బు కట్టలేదన్నమాట. వంటాయనకి 220 చెప్పేస్తున్నా. పులుసు మర్నాటికైనా బాగుంటుంది. కందుకూరూ, ఇందాక విసుక్కున్నా, ఏమనుకోకు.

కావలి తమ్ముడు, 11.25
ఇప్పుడే ఫోన్ చూశా, సారీ. పాస్‌వర్డ్ మార్చిన రోజే బాబాయ్‌కి వాట్సాప్‌లో పంపానే?

గూడూరు బాబాయ్, 11.31
ఉంది. నువ్వు పంపిన మలైకాజా ఫొటోల కింద.

గూడూరు బాబాయ్, 11.32
కొత్తది నాకు పంపకండి. అక్కకివ్వండి, నోటుబుక్కులో రాసుకుంటుంది.