స్లాట్ కార్ల టైర్లకు జిగురు, సాన, పూత: ఎంతవరకు అనుమతించాలి?

ఇరుసు:
మా బృందం 1/32 స్కేలు (అసలు కారులో 32వ వంతు) స్లాట్ కార్లను, అంటే ట్రాక్‌లోని గాడి వెంట కరెంటుతో పరుగెత్తే నమూనా కార్లను, ప్లాస్టిక్ ట్రాక్ మీద నడుపుతుంది. ఇకమీదట కారు అడుగున ఉండి, గాడి పక్కనున్న లోహపు పట్టాల వైపు కారును లాగిపట్టే అయస్కాంతాన్ని తీసివేసి పోటీ పడాలని అందరం ఒప్పుకున్నాము. అయస్కాంతం ఉన్నంతకాలం ఎవరూ పట్టించుకోని టైర్లే ఇప్పుడు గెలుపోటములను నిర్ణయిస్తున్నాయి. మా ముందు మూడు ప్రతిపాదనలు ఉన్నాయి: వెనుక టైర్లను రిమ్ముకు జిగురుతో అంటించి గుండ్రంగా సానపట్టనివ్వడం, ముందు టైర్లకు నెయిల్ పాలిష్ వంటి గట్టి పూత వేయనివ్వడం, వెనుక టైర్లకు పలుచని సిలికాన్ పూత వేయనివ్వడం. సగం మంది మూడింటినీ అనుమతించాలంటున్నారు, మిగిలినవారు కారును పెట్టెలోంచి తీసినట్టే నడపాలంటున్నారు. మూడింటినీ ఒకే గాటన కట్టడం సరికాదని నాకు అనిపిస్తోంది గాని, హద్దు ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేకపోతున్నాను. అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పాలని మనవి.

సానరాయి:
జిగురును, సానను అనుమతించడమే కాదు, ప్రోత్సహించాలని నా అభిప్రాయం. ఒక చిన్న లెక్క చూడండి. మోటారు 12 వోల్టుల వద్ద నిమిషానికి 20,000 చుట్లు తిరుగుతుందనీ, గేరు నిష్పత్తి 3కి 1 అనీ అనుకుందాం. అప్పుడు వెనుక ఇరుసు నిమిషానికి సుమారు 6,700 చుట్లు, అంటే సెకనుకు 111 చుట్లు తిరుగుతుంది. టైరు కేంద్రం ఇరుసు కేంద్రం నుంచి మిల్లీమీటరులో పదో వంతు పక్కకు జరిగి ఉన్నా కారు వెనుక భాగం సెకనుకు 111 సార్లు లేచి దిగవలసి వస్తుంది. ఆ వేగంలో టైరు ట్రాక్‌ను వదలకుండా ఉండాలంటే కారు వెనుక భాగం గురుత్వ త్వరణానికి దాదాపు 5 రెట్ల త్వరణంతో కిందికి రావాలి. అయస్కాంతం లేని కారును కిందికి లాగేది దాని బరువు ఒక్కటే కాబట్టి అది సాధ్యం కాదు. అదే లెక్క ప్రకారం ఇరుసు నిమిషానికి సుమారు 3,000 చుట్లు దాటిన దగ్గరి నుంచే, అంటే పూర్తి వేగంలో సగం కూడా రాకముందే, టైరు ఎగిరిపడటం మొదలవుతుంది. రబ్బరు మెత్తదనం ఈ అదురులో కొంత మింగేస్తుందన్నది నిజమే, కానీ మొత్తం మింగలేదు.

జిగురు అవసరం ఇక్కడే వస్తుంది. అంటించని టైరు వేగం పెరిగే కొద్దీ బయటికి సాగుతుంది, ఒక్కసారిగా మీట నొక్కినప్పుడు రిమ్ము మీద జారుతుంది, మలుపులో పక్కకు ఒరుగుతుంది. అటువంటి టైరును ఎంత శ్రద్ధగా సానపట్టినా ఆ గుండ్రనితనం రెండు మలుపుల తరువాత మిగలదు. అందుచేత జిగురు లేని సాన వృథా ప్రయాస.

పెట్టెకారు:
సానరాయి గారి లెక్కలో తప్పు లేదు. నా అభ్యంతరాలు వేరే. మొదటిది, సానపట్టిన తరువాత కారు వేగం పెరిగిందని చెప్పేవారిలో చాలామంది అయస్కాంతం తీయకుండానే పరీక్షిస్తారు. టైరు వ్యాసం తగ్గితే కారు కిందికి దిగుతుంది, అయస్కాంతం పట్టాలకు దగ్గరవుతుంది, ఆ ఎడం కొద్దిగా తగ్గినా లాగుడు బలం చాలా పెరుగుతుంది. వారు గుండ్రనితనం వల్ల వచ్చిందనుకున్న పట్టు అయస్కాంతం నుంచి వచ్చి ఉండవచ్చు. పైగా 20 మిల్లీమీటర్ల టైరును 19.5కు తగ్గిస్తే గేరు నిష్పత్తిని రెండున్నర శాతం మార్చినట్టే, కాబట్టి మలుపుల నుంచి బయటపడేటప్పుడు కారు చురుకుగా కదులుతుంది. ఆ ఘనత కూడా సానకే కట్టబెడుతున్నారు.

రెండవది ఇంకా ముఖ్యమైనది. కొత్తగా చేరినవారు, ముఖ్యంగా పిల్లలు, జిగురు సీసాతో టైరును, రిమ్మును, ఒక్కోసారి ఇరుసును పట్టి తిరగనిచ్చే బుషింగునూ కలిపి అంటించేస్తారు. నేనే ఒకసారి పలుచని సూపర్ గ్లూ ఎక్కువ పోసి మంచి కారు వెనుక ఇరుసు మొత్తం పాడు చేసుకున్నాను. అంటిన టైరును విడదీయడానికి అసిటోన్ వాడితే ప్లాస్టిక్ రిమ్ము కరుగుతుంది. ఓపిక, పనిముట్లు ఉన్నవారికి ఒక పోటీ, లేనివారికి ఇంకొక పోటీ నడపడం న్యాయమేనా?

సానరాయి:
మీ మొదటి అభ్యంతరాన్ని పూర్తిగా ఒప్పుకుంటున్నాను. అయస్కాంతం తీసి, రెండు సందర్భాల్లోనూ ఒకే వ్యాసం ఉన్న టైర్లతో పోల్చినప్పుడే ఫలితాన్ని నమ్మాలి. నేను అలాగే చేసి చూశాను. గరిష్ఠ వేగంలో తేడా కనిపించలేదు, కానీ మలుపు మధ్యలో కారు చిన్నచిన్నగా గంతులు వేయడం ఆగిపోయింది, గేర్ల చప్పుడు కూడా తగ్గింది. నాకు దక్కినది నిలకడ మాత్రమేనని చెప్పడానికి సంకోచం లేదు.

రెండవ అభ్యంతరం విషయంలో మాత్రం మీతో విభేదిస్తాను. పెట్టెలోంచి తీసిన రెండు కార్లు సమానమన్నది భ్రమ. అచ్చులోంచి వచ్చిన ప్లాస్టిక్ రిమ్ముకు అంచున పొర మిగిలి ఉంటుంది, ఒక రిమ్ము నిటారుగా ఉంటే మరొకటి ఊగుతుంది. మంచి రిమ్ము దొరకడం అదృష్టం మీద ఆధారపడుతుంది. జిగురు, సాన ఆ అదృష్టపు వాటాను తగ్గిస్తాయి. అవసరమైనవి ఒక జిగురు సీసా, రెండు ఉప్పు కాగితాలు, ఒక గంట ఓపిక. ముందుగా టైరు తీసి, రిమ్ము మీది పొరను గీకి, నూనె జిడ్డు తుడవాలి. సూపర్ గ్లూ కంటే చెప్పులు అతికే రబ్బరు జిగురు కొత్తవారికి మేలు, ఎందుకంటే అది ఆరిన తరువాత కూడా కొంత సాగుతుంది, అంటించేటప్పుడు టైరును సరిచేసుకునే వ్యవధి ఇస్తుంది. రాత్రంతా ఆరనిచ్చి, మరుసటి రోజు చదునైన పలకకు అతికించిన 120 నంబరు ఉప్పు కాగితం మీద చక్రాలు తక్కువ వోల్టేజీలో తిరిగేలా కారును పట్టుకుని, రెండు మూడు సెకన్ల చొప్పున ఆపి ఆపి తాకించాలి. గట్టిగా అదిమితే మోటారు వేడెక్కుతుంది. తరువాత 240, చివరగా 400 నంబరు కాగితంతో నునుపు చేసి, టైరు బయటి అంచును కొద్దిగా గుండ్రం చేయాలి. పదునైన అంచు మలుపులో ట్రాక్‌ను పట్టుకుంటే కారు పల్టీ కొడుతుంది. ఈ పనంతా గాలి ఆడే చోట, ముక్కుకు గుడ్డ కట్టుకుని చేయడం మంచిది. పిల్లల టైర్లను బృందంలోని పెద్దవారు అంటించి ఇస్తే న్యాయం గురించిన చింత కూడా తీరుతుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఇదంతా రబ్బరు, యూరిథేన్ టైర్ల సంగతి. సిలికాన్ టైరుకు మామూలు జిగురు అంటదు, సిలికాన్ సీలెంటే కావాలి. దాన్ని ఉప్పు కాగితంతో సానపట్టడం కూడా చాలా కష్టం.

మూడోమలుపు:
ముందు టైర్ల పూత గురించి ఎవరూ మాట్లాడలేదు గనుక నేను చెబుతాను. స్లాట్ కారును మలుపు తిప్పేది ముందు చక్రాలు కావు, కారు ముక్కు కింది నుంచి గాడిలోకి దిగిన గైడ్ అనే పలక. చాలా కార్లలో ముందు చక్రాలు నేరుగానే ఉంటాయి, పక్కకు తిరగవు. గైడ్ కారు ముక్కును లోపలికి లాగుతుంటే, పట్టు ఉన్న ముందు టైర్లు దాన్ని నేరుగా తోస్తాయి. ఆ పెనుగులాటలో కారు ముందు భాగం ఎగిరి, గైడ్ గాడిలోంచి బయటికి వస్తుంది. ముందు టైర్లకు రెండు మూడు పొరల నెయిల్ పాలిష్ గానీ, పలుచని సూపర్ గ్లూ గానీ పూస్తే అవి పక్కకు సాఫీగా జారుతాయి. జారుడు కోసమే గట్టి పదార్థంతో చేసిన ముందు టైర్లు బజారులో దొరుకుతున్నప్పుడు, కొనుక్కోగలిగినవారిని అనుమతించి, పూత వేసుకునేవారిని అడ్డుకోవడంలో అర్థం లేదు. పూత వేసే ముందు ముందు టైర్లను కూడా గుండ్రం చేయాలి, లేకపోతే వంకర అలాగే గట్టిపడుతుంది.

పెట్టెకారు:
ఈ మాటకు నా దగ్గర బలమైన జవాబు లేదు, అయినా ఒక షరతు కోరుతాను. నాలుగు చక్రాలూ ట్రాక్‌కు ఆని తిరగాలి. పూత నెపంతో ముందు ఇరుసును పైకెత్తి, చక్రాలను గాలిలో అలంకారంగా వేలాడదీసిన కార్లను చూశాను. అది నాకు అసలు నచ్చదు. నమూనా కారు నిజమైన కారులా నేల మీద దొర్లాలి. మరొక సంగతి, మెత్తని టైరు మీద వేసిన నెయిల్ పాలిష్ కొన్ని పోటీల తరువాత పెళుసుబారి పొలుసులుగా రాలుతుంది. ఆ ముక్కలు గాడిలో, పట్టాల మీద పడితే అందరి బ్రెయిడ్లకూ (పట్టాల నుంచి కారుకు కరెంటు అందించే అల్లిన తీగలకు) ఇబ్బందే.

చెక్కబాట:
నేను చెక్క ట్రాక్ మీద నడుపుతాను, కాబట్టి మూడో ప్రతిపాదన గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. వెనుక టైర్లకు సిలికాన్ పూత వేయడం కొత్త సంగతేమీ కాదు. చిన్నవైన హెచ్‌ఓ స్కేలు కార్లలో స్పాంజి మీద సిలికాన్ పూసిన టైర్లు సర్వసాధారణం, వాటి పట్టు అమోఘం. కానీ అక్కడ అందరూ ఒకే రకం వాడతారు. రబ్బరు టైరు తిరిగిన చోట ట్రాక్ మీద నల్లని పొర పేరుకుంటుంది, దాని మీదే మరో రబ్బరు టైరు బాగా పట్టుకుంటుంది. సిలికాన్‌కు ఆ పొర గిట్టదు, పైగా అది దుమ్మును లాగేసుకుంటుంది, అతుకు టేపుతో మాటిమాటికీ తుడవాలి. రెండు రకాలూ ఒకే పూట ఒకే గాడిలో తిరిగితే రెండింటికీ పట్టు చెడుతుంది. టైర్లకు నూనె రాసి మెత్తబరచడం ఇంకా ఘోరం. రాసినవాడు రెండు చుట్లు వేగంగా వెళ్తాడు, వెనుక వచ్చేవారందరూ ఆ జిడ్డు మీద జారుతారు.

అందుకని ఇరుసు గారూ, హద్దు జిగురుకూ పూతకూ మధ్య పెట్టకండి. జిగురు రిమ్ములోనే ఉంటుంది, సానపొడి బల్ల మీదే రాలుతుంది, ముందు టైరు పూత సరిగా వేస్తే టైరును వదలదు. వెనుక టైరుకు పూసినది మాత్రం ట్రాక్ మీదికి వస్తుంది. మీ కారుకు మీరు చేసుకున్నది మీ కారుతోనే ఉంటే ఒప్పుకోండి, ఇతరుల గాడిలోకి చేరితే ఒప్పుకోకండి.

పెట్టెకారు:
చెక్కబాట గారి కొలమానాన్ని నేను అంగీకరిస్తున్నాను. దాని ప్రకారం జిగురుపై నా అభ్యంతరాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ముందు టైర్ల పూత రాలకూడదన్న షరతు మాత్రం ఉండాలి.

ఇరుసు:
అందరికీ ధన్యవాదాలు. బృందం ముందు ఈ విధంగా పెడతాను. వెనుక టైర్లను అంటించి సానపట్టవచ్చు. సాన తరువాత కనీస వ్యాసం ఎంత ఉండాలో కారు రకాన్ని బట్టి ముందే నిర్ణయించి, కాలిపర్‌తో కొలుస్తాము. ముందు టైర్లకు గట్టి పూత వేయవచ్చు, అయితే కారును చదునైన గాజు పలక మీద పెట్టినప్పుడు నాలుగు చక్రాలూ ఆనాలి, పోటీకి ముందు తెల్లని గుడ్డతో గట్టిగా రుద్దినప్పుడు పొలుసు రాలకూడదు. అదే గుడ్డతో వెనుక టైర్లనూ తుడుస్తాము, జిడ్డు గానీ సిలికాన్ గానీ కనిపిస్తే ఆ టైర్లు మార్చుకున్న తరువాతే కారు ట్రాక్ ఎక్కుతుంది. పిల్లల కార్ల రిమ్ములు గీకి, టైర్లు అంటించే పని ఈ వారాంతంలో నేనే మొదలుపెడతాను. సానరాయి గారు చెప్పిన రబ్బరు జిగురునే వాడతాను.

సానరాయి:
రిమ్ములు అల్యూమినియమైతే పాత జిగురును అసిటోన్‌లో నానబెట్టి తీయవచ్చు. ప్లాస్టిక్ రిమ్ములను మాత్రం అందులో ముంచకండి. పాత టైరును కోసి తీసి, మిగిలిన జిగురును గోటితో గానీ చెక్క పుల్లతో గానీ గీకండి.