చర్చి యూత్ క్రికెట్ టోర్నమెంట్‌లో బూతులు: ఏ రూలు పెట్టాలి, ఎలా అమలు చేయాలి?

యూత్_సెక్రటరీ (ప్రశ్న):
అందరికీ వందనాలు. సంక్రాంతి సెలవుల్లో మా పాస్టరేట్ (ఒకే పాస్టర్ కిందున్న చర్చిలు) యూత్ తరఫున టెన్నిస్ బాల్ టోర్నమెంట్ పెడుతున్నాం. పది ఓవర్ల మ్యాచ్‌లు, హైస్కూల్ గ్రౌండ్, చుట్టూ ఇళ్లు. చర్చి జట్లతో పాటు ఊళ్లోని వేరే జట్లూ ఆడతాయి. క్యాచ్ వదిలేసినా, రనౌట్ ఇచ్చినా అమ్మనా బూతులు వినపడతాయి. కమిటీలో కొందరు బూతుకు వంద రూపాయల ఫైన్ అంటున్నారు, కొందరు పొద్దున్నే బైబిల్ వాక్యం చెప్పి వదిలేద్దాం అంటున్నారు. క్రైస్తవులు కానివాళ్లకు మన ప్రమాణం పెట్టొచ్చా? అసలు ఏ మాటను బూతుగా లెక్కేయాలి?

లెగ్_అంపైర్:
బ్రదర్, కొత్త రూలు కనిపెట్టక్కర్లేదు, ఆటలోనే ఉంది. 2017లో అమల్లోకి వచ్చిన ఎంసీసీ (క్రికెట్ చట్టాలు రాసే లండన్ క్లబ్) క్రికెట్ చట్టాల్లో 42వది అచ్చంగా ఆటగాళ్ల ప్రవర్తన గురించే. అందులో నాలుగు స్థాయిలున్నాయి. ఆ సందర్భంలో అసభ్యంగానో అవమానకరంగానో ఉన్న మాట మొదటి స్థాయి. మొదటిసారి హెచ్చరిక ఇస్తారు. అదే ఆఖరి హెచ్చరిక కూడా. పైగా అది ఆ ఒక్కడికే కాదు, మ్యాచ్ అయ్యేదాకా జట్టు మొత్తానికి వర్తిస్తుంది. తర్వాత ఆ జట్టులో ఎవరు నోరు జారినా ఎదుటి జట్టుకు 5 పరుగులు. ఆటగాణ్ణో, అంపైర్‌నో, చూసేవాళ్లనో ఉద్దేశించి ఘోరంగా తిడితే రెండో స్థాయి: హెచ్చరిక లేకుండా నేరుగా 5 పరుగులు. అంపైర్‌ను బెదరగొట్టినా, సాటి ఆటగాణ్ణి కొడతానన్నా మూడోది: 5 పరుగులతో పాటు ఇన్నింగ్స్ ఓవర్లలో అయిదో వంతు బయట ఉండాలి, అంటే మీ మ్యాచ్‌లో 2 ఓవర్లు. ఫీల్డింగ్ జట్టయితే ఆ 2 ఓవర్లూ బదులు ఆటగాడు రాకూడదు. చేయి చేసుకుంటే నాలుగోది, ఇక ఆ మ్యాచ్‌లో వాడికి ఆట లేదు.

పద్ధతి ఇలా ఉండాలి. మాట వినపడగానే అక్కడే అరవొద్దు. బంతి డెడ్ అయ్యాక (ఆ బంతికి ఆట ముగిశాక) "టైమ్" అని ఆట ఆపి, రెండో అంపైర్‌తో మాట్లాడి, ఆ ఆటగాణ్ణీ వాళ్ల కెప్టెన్‌నీ కలిపి పిలిచి చెప్పండి. 5 పరుగులు బ్యాటింగ్ జట్టుకైతే ఒక భుజాన్ని ఎదుటి చేత్తో పలుమార్లు తట్టాలి, ఫీల్డింగ్ జట్టుకైతే చేతిని ఎదుటి భుజం మీద ఉంచితే చాలు. ఈ తేడా స్కోరర్‌కు ముందే తెలియాలి, లేకపోతే పరుగులు తప్పు జట్టుకు పడి అసలు గొడవ అక్కడ మొదలవుతుంది. ఫీల్డింగ్ జట్టు ముందే బ్యాటింగ్ చేసి ఉంటే వాళ్ల పాత స్కోరుకు కలపాలి, ఇంకా చేయకపోతే తర్వాతి ఇన్నింగ్స్‌కు.

ఇది ఎక్కువగా చెడేది అంపైర్ల దగ్గరే. ఊరి మ్యాచ్‌ల్లో బ్యాటింగ్ జట్టువాళ్లే అంపైరింగ్ చేస్తారు, సొంత తమ్ముడి తప్పుకు ఎదుటి జట్టుకు ఎవరూ పరుగులు ఇవ్వరు. ఆ మ్యాచ్ ఆడని జట్ల నుంచి ఇద్దరిని పెట్టండి. మొదటి మ్యాచ్‌లో చూసీచూడనట్టు వదిలేస్తే సెమీఫైనల్లో అమలు చేయలేరు. కెప్టెన్లు 5 చాలా ఎక్కువ, 2 చేయండి అంటారు. ఒప్పుకోవద్దు. పది ఓవర్ల ఆటలో ఆ 5 మ్యాచ్‌నే తిప్పేస్తుంది, అందుకే కెప్టెన్ తన జట్టు నోరు తనే కట్టేస్తాడు. వంద రూపాయల ఫైన్‌కు ఆ బలం లేదు. డబ్బున్నవాడు కట్టి మరీ తిడతాడు, లేనివాడు ఆట మానేసి ఇంటికి పోతాడు.

సండేస్కూల్_టీచర్:
రూలు విషయంలో బ్రదర్‌తో ఏకీభవిస్తున్నాను. క్రైస్తవులు కానివాళ్లకు పెట్టొచ్చా అన్నదానికి: ఆట చట్టం అందరికీ ఒకటే, దాంట్లో మతం లేదు. వాక్యం ప్రకారం దిద్దడం మాత్రం సంఘస్థులకే. బయటివారికి తీర్పు తీర్చడం తన పని కాదని పౌలు 1 కొరింథీయులకు 5:12లో అన్నాడు. మన పిల్లల విషయంలో మత్తయి 18:15 క్రమం పాటించండి: మ్యాచ్ అయ్యాక, ఒక్కణ్ణే పక్కకు తీసుకెళ్లి, ఒంటరిగా. మైకులో పేరు చదివి వాక్యం వినిపిస్తే వాడు బూతు మానడు, చర్చి మానేస్తాడు.

ఏది బూతు అనేది ముఖ్యమైన ప్రశ్న. చాలా సంఘాలు కొలస్సయులకు 3:8 చూపించి బూతుమాటల పట్టీ ఒకటి రాసి ఊరుకుంటాయి. అదే వచనంలో బూతుల కంటే ముందు కోపం, ఆగ్రహం, దుష్టత్వం, దూషణ ఉన్నాయి. క్యాచ్ వదిలేసి తన మీద తనే విసుక్కుని ఒక మాట అన్నవాడూ, ఎదుటివాణ్ణి కులం పేరుతో పిలిచినవాడూ ఒకటి కాదు. రెండోదాంట్లో ఒక్క బూతుమాట లేకపోయినా అదే ఘోరం. దేవుని పోలికగా పుట్టిన మనుష్యులను శపించే నోటి గురించి యాకోబు 3:9 చెప్పేది ఇదే. కులం పేరు, తల్లినీ చెల్లినీ లాగడం, కుంటి, నత్తి అంటూ అవకరాన్ని ఎత్తిచూపడం: ఈ మూడింటినీ నేరుగా రెండో స్థాయిలో పెట్టండి. మన పెద్దలు చిన్న బూతుకు మండిపడి కులం మాటకు నవ్వి ఊరుకుంటారు. ఈ తీరు మారాలి.

ఇంకొకటి, ఎవరూ పట్టించుకోనిది. రనౌట్ అప్పీల్ వచ్చినప్పుడు "దేవుని తోడు, బ్యాట్ లోపలే ఉంది", "బైబిల్ మీద ఒట్టు" అంటారు. ఇది మత్తయి 5:34-37కు సూటిగా విరుద్ధం. దీనికి పరుగుల శిక్ష వేయక్కర్లేదు, కానీ ముందురోజు మీటింగ్‌లో చెప్పండి. అవునంటే అవును, కాదంటే కాదు, ఆపై అంపైర్ నిర్ణయం.

అలవాటు పడిన నోరు ఉపదేశంతో ఆగదు. మాట ఎక్కడ వస్తుందో చూడండి: బంతి చేజారిన మరుక్షణం, ఊపిరి వదిలేటప్పుడు. ఆ క్షణానికి చేసే పని ముందే నిర్ణయించి ఉండాలి. రెండు చప్పట్లు కొట్టి "నెక్స్ట్ బాల్" అని గట్టిగా అరవడం నెట్స్‌లోనే ప్రాక్టీస్ చేయించండి, క్యాచ్ వదిలిన ప్రతిసారీ. బూతును సగం మింగి మిగతా సగం పలికే అలవాటును ప్రోత్సహించొద్దు. కోపం ఎక్కువైన రోజు ఆ మిగతా సగమూ బయటికొస్తుంది.

కోర్టు_హాల్:
చట్టం సంగతి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే ప్రతి గొడవలో ఎవరో ఒకరు పోలీసుల పేరెత్తుతారు. బహిరంగ ప్రదేశంలో ఇతరులకు చికాకు కలిగేలా అశ్లీలమైన మాటలు, పాటలు పలికితే భారతీయ న్యాయ సంహితలో 296వ సెక్షన్: 3 నెలల వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 2024 జులై 1కి ముందు ఇదే ఐపీసీ (పాత భారత శిక్షాస్మృతి) 294. అయితే తిట్టు వేరు, అశ్లీలం వేరు. మామూలు తిట్లు ఆ సెక్షన్ కిందకు రావని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. కాబట్టి బూతుకల్లా కేసు పెడతామని బెదిరించొద్దు.

కులదూషణ అలా కాదు. నలుగురూ చూసే చోట ఎస్సీ, ఎస్టీ వ్యక్తిని కులం పేరుతో దూషిస్తే అట్రాసిటీ చట్టం, సెక్షన్ 3(1)(ఎస్). ఇక్కడ సంఘాలకు బాధ కలిగించే సంగతి ఒకటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవానికి మారినవారికి ఎస్సీ హోదా ఉండదు. ఆ కారణంతోనే 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టర్ పెట్టిన అట్రాసిటీ కేసును కొట్టేసింది. చట్టం అండ దొరకని ఆ కుర్రవాడి పక్కన కమిటీ అయినా నిలబడాలి. "క్షమించెయ్ నాయనా, ప్రార్థన చేద్దాం" అని తిట్టించుకున్నవాడి మీద ఒత్తిడి తేవద్దు. ఫిర్యాదు చేయాలా వద్దా అనేది పూర్తిగా అతని ఇష్టం.

యూత్_సెక్రటరీ:
అందరికీ చాలా థ్యాంక్స్. ఫైన్ మాట తీసేస్తున్నాం. మైకు కామెంట్రీకి ఏం చేయాలి? అసలు ఇళ్లలోకి వినపడేది అదే.

లెగ్_అంపైర్:
కామెంటేటర్లను ఇద్దరినే ఖరారు చేసుకోండి, మూడోవాడి చేతికి మైకు ఇవ్వొద్దు. ఔటైనవాడి ఒడ్డూపొడవు మీద, ఒంటిరంగు మీద, గట్టు మీదున్న ఆడపిల్లల మీద జోకులుండవని ముందే చెప్పండి. ఎఫెసీయులకు 5:4లోని పోకిరిమాటలు సరిగ్గా ఇవే. ఓవర్ల మధ్య పాటల ఫైలు కమిటీ పెన్‌డ్రైవ్‌లోదే, ఎవరి ఫోనూ బ్లూటూత్‌కు కలపొద్దు. డబుల్ మీనింగ్ పాటలు వచ్చేది అలాగే. లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి తీసుకోండి, రాత్రి 10 దాటాక ఎలాగూ వాడకూడదు. గట్టు మీద నుంచి తిట్టేవాళ్ల దగ్గరికి మైకుతో వెళ్లొద్దు. వాళ్లకు తెలిసిన పెద్దమనిషిని పంపి "బాబాయ్, పిల్లలున్నారు" అనిపించండి. ఇవన్నీ ఒకే కాగితం మీద రాసి, టాస్‌కు ముందు ఇద్దరు కెప్టెన్ల సంతకాలు తీసుకుని, స్కోర్‌బుక్ అట్టకు అంటించండి.