డేవ్ రాబర్ట్స్: ఆ ఒక్క స్టీల్ సరే, మేనేజర్‌గా ఎలాంటివాడు?

మూడోబేస్: బేస్‌బాల్‌లో 2004 స్టీల్ (పిచర్ బంతి వేస్తుండగా తర్వాతి బేస్‌కు పరుగెత్తి చేరడం) తప్ప ఆటగాడిగా రాబర్ట్స్‌కు పెద్ద పేరేమీ లేదు. లాస్ ఏంజెలెస్ జట్టు డాడ్జర్స్‌ను 2016 నుంచి ఇంతకాలం ఎలా నడుపుతున్నాడు? పిచర్‌ను (బంతి విసిరేవాణ్ణి) దించేది, అంటే ఆట మధ్యలో తీసేసేది, ఏ లెక్కన? శాన్ డియాగో జట్టు పాడ్రెస్‌లో కోచ్‌గా ఏం చేశాడు?

బోస్టన్‌బుజ్జి: పేరు లేదా? కెరీర్‌లో 243 స్టీల్స్ ఉన్నాయండీ. ఆ రోజు తొమ్మిదో (చివరి) ఇన్నింగ్స్‌లో బోస్టన్ రెడ్ సాక్స్ మీద యాంకీస్ 4-3 ముందంజ. బోస్టన్ బ్యాటర్ మిల్లర్‌కు వాక్ (నాలుగు చెడ్డ బంతులకు మొదటి బేస్ ఉచితం) రాగానే, అతని బదులు పరుగెత్తే పించ్ రన్నర్‌గా రాబర్ట్స్ దిగాడు. యాంకీస్ పిచర్ రివేరా అతన్ని ఔట్ చేయాలని మొదటి బేస్‌కు మూడుసార్లు విసిరాడు, అదే రాబర్ట్స్‌కు మేలు చేసింది. గంటల తరబడి కూర్చుని చల్లబడ్డ కాళ్లు ఆ మూడు డైవులతో వేడెక్కాయి. బ్యాటర్‌కు వేసిన మొదటి బంతికే పరుగెత్తాడు, ముల్లర్ సింగిల్ (ఒక బేస్ హిట్)తో స్కోరు సమం.

అంపైర్‌మూర్తి: ఇప్పుడైతే ఆ మూడు త్రోలు కుదరవు. 2023 నుంచి ఒక్కో బ్యాటర్‌కు రెండే.

స్కోర్‌బుక్: తప్పు. మూడోది నిషేధం కాదు. రన్నర్ ఔటైతే చెల్లుతుంది, కాకపోతే బాక్ (పిచర్ తప్పు), రన్నర్‌కు రెండో బేస్ ఉచితం.

అంపైర్‌మూర్తి: లీగుల్లో అంపైరింగ్ చేసేవాణ్ణి, నాకు రూల్ చెప్పకండి. అంత రిస్క్ ఏ పిచర్ తీసుకుంటాడు?

స్కోర్‌బుక్: అంపైరింగ్ చేస్తే రూల్ సగమే చెప్పాలా? "కుదరవు" అని రాసింది మీరే. బేస్ కూడా 15 అంగుళాల నుంచి 18కి పెరిగింది, మొదటి, రెండో బేస్‌ల మధ్య దూరం నాలుగున్నర అంగుళాలు తగ్గింది. పిచర్ చేతి నుంచి క్యాచర్‌కు 1.3 సెకన్లు, క్యాచర్ నుంచి రెండో బేస్‌కు 2 సెకన్లు అనుకుంటే, రన్నర్‌కు దొరికేది 3.3. అందులో నాలుగున్నర అంగుళాలు చిన్న విషయం కాదు.

నీలిటోపీ: స్టీల్ వదిలేయండి. 2018 వరల్డ్ సిరీస్ (ఫైనల్) నాలుగో గేమ్ ఇప్పటికీ మండుతోంది. బోస్టన్ మీద డాడ్జర్స్‌కు 4-0 ముందంజ, పిచర్ రిచ్ హిల్ 91 బంతులు, ఇచ్చింది ఒకే హిట్. దించాడు. బదులు వచ్చిన అలెగ్జాండర్ ఒక్క బ్యాటర్‌కు వాక్ ఇచ్చి వెళ్లాడు, మాడ్సన్ వచ్చాడు, బోస్టన్ బ్యాటర్ మోర్‌ల్యాండ్ మూడు పరుగుల హోమ్ రన్. 9-6తో పోయింది.

స్కోర్‌బుక్: బ్యాటింగ్ ఆర్డర్ మూడోసారి తిరిగేటప్పుడు స్టార్టర్ (ఆట మొదలుపెట్టిన పిచర్) బంతి బ్యాటర్లకు అలవాటవుతుంది, అందుకే దించుతారు. ఆ రోజు తప్పు దించడంలో లేదు, తర్వాత ఎవరిని పెట్టాడన్నదే. 2020లో మూడు బ్యాటర్ల రూల్ (వచ్చిన పిచర్ కనీసం ముగ్గురికి వేయాలి, లేదా ఇన్నింగ్స్ ముగియాలి) వచ్చాక, ఇన్నింగ్స్ మధ్యలో అలెగ్జాండర్‌ను ఒక్కడికే పెట్టి తీసేయడం కుదరదు.

నీలిటోపీ: అయితే 2022లో డాడ్జర్స్ పిచర్ కెర్షా? ఏడు ఇన్నింగ్స్ పర్ఫెక్ట్ (ఒక్క బ్యాటర్ కూడా బేస్ చేరలేదు), 13 స్ట్రైకౌట్లు, 80 బంతులే, అయినా దించాడు!

బోస్టన్‌బుజ్జి: ముందటి ఏడాది ముంజేతి గాయం, యజమానుల లాకౌట్‌తో కురచైన స్ప్రింగ్ ట్రైనింగ్ (సీజన్ ముందరి సాధన), మినియాపొలిస్ చలి. ఏప్రిల్‌లో ఒక పేరు కోసం అక్టోబరు ప్లేఆఫ్స్‌కు కావాల్సిన చేతిని పోగొట్టుకోవాలా? దించింది సరైనదే.

నీలిటోపీ: ఎనిమిదో ఇన్నింగ్స్‌లో అతని బదులు వచ్చిన వెసియా ఒక ఔట్ తర్వాత హిట్ ఇచ్చాడు. మిగిలిందేంటి?

బోస్టన్‌బుజ్జి: 7-0 గెలుపు మిగిలింది!

మూడోబేస్: పాడ్రెస్ సంగతి ఎవరూ చెప్పరా?

అంపైర్‌మూర్తి: 2011 నుంచి 2013 దాకా మొదటి బేస్ కోచ్, తర్వాత రెండేళ్లు బెంచ్ కోచ్ (మేనేజర్‌కు సహాయకుడు). మొదటి బేస్ కోచ్ పనుల్లో ఒకటి పిచర్ డెలివరీకి స్టాప్‌వాచ్ పట్టి రన్నర్‌కు చెప్పడం. 2015లో మేనేజర్ బడ్ బ్లాక్‌ను తీసేశాక ఒక్క గేమ్‌కు తాత్కాలిక మేనేజర్, అది ఓడారు.

స్కోర్‌బుక్: 2025 వరల్డ్ సిరీస్ ఏడో గేమ్ కూడా చూడండి. ముందురోజు 96 బంతులు వేసిన పిచర్ యమమోటోను తొమ్మిదో ఇన్నింగ్స్‌లో పెట్టి 11వ దాకా ఉంచాడు, 34 బంతులు. లెక్క మాత్రమే చూసేవాడైతే అలా చెయ్యడు.

నీలిటోపీ: హిల్‌ను కూడా అలా నమ్మి ఉండాల్సింది.