పావురం కళ్ళు తేలేసింది, ఎక్కడ తప్పు చేశాను?

ప్రశ్న:
బొమ్మలు గీయడం నాకు చిన్నప్పట్నుంచీ అలవాటు. ఈ ఏడాది టాక్సిడెర్మీ, అంటే చనిపోయిన పక్షుల, జంతువుల చర్మం ఒలిచి, లోపల కూరి, బతికున్నట్టు నిలబెట్టే పని కూడా మొదలుపెట్టాను. అమ్ముకోవడానికి కాదు, ఇష్టం కొద్దీ. తెలిసినవాళ్ళు పెంచుకునే పావురం చనిపోతే అడిగి తెచ్చుకున్నాను. చర్మం ఒలుస్తుంటే రొమ్ము దగ్గర చిరిగింది, నడుం మీద ఈకలు గుప్పెడు ఊడొచ్చాయి. ఎలాగో కుట్టి నిలబెట్టాను. ఆ రోజు బాగానే ఉంది. పదిరోజులయ్యాక చూస్తే కళ్ళు ఇంతేసి చేసుకుని, ఎవరో బెదిరించినట్టు చూస్తోంది. మెడ కూడా కొంగ మెడలా సాగింది. ఈ పని నాకు రాదా?

జవాబు:
తప్పు సగం పావురానిదేనండీ. దాని చర్మం తడిసిన కాగితంతో సమానం, ఈకలు ముట్టుకుంటే రాలతాయి. మొదటి పక్షిగా దాన్ని ఎంచుకోమని నేనైతే ఎవరికీ చెప్పను. గోరువంకల కుటుంబంలోని స్టార్లింగ్ చర్మం కాస్త గట్టిది, దానితో చేయి కుదురుతుంది. ఇంకోటి, చనిపోయిన ఎన్ని గంటలకి ఫ్రీజర్‌లో పెట్టారు? పొట్ట పచ్చబడి, ఈక మెల్లగా లాగితేనే ఊడొస్తుంటే లోపల కుళ్ళు మొదలైనట్టే. అలాంటిదాన్ని ఏ మందూ కాపాడదు.

మెడ సంగతి: ఒలిచేటప్పుడు మెడ చర్మం సాగుతుంది. సాగిన చర్మానికి సరిపడా మెడ చేసి పెట్టారు మీరు. బతికున్న పావురం మెడ ఈకల్లోపల వంకర తిరిగి ముడుచుకుని ఉంటుంది. అందుకే ఒలిచిన ఒంటిని పారేయకముందే కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీత గీసుకోవాలి, మెడ పొడవూ లావూ రాసుకోవాలి. చెక్కపీచుని దారంతో బిగించి ఒళ్ళు చేసేటప్పుడు ఆ గీత దాటకూడదు. కాస్త చిన్నదైతే దూదితో సరిపెట్టొచ్చు. పెద్దదైతే మాత్రం కుట్టు మూసుకోదు.

ఇక కళ్ళు. అసలు పనంతా అక్కడే. చర్మం ఆరుతూ కుంచించుకుపోతుంది, రెప్పలు వెనక్కి లాక్కుపోతాయి, గాజుకన్ను మొత్తం బయటపడుతుంది. ముందు గుంటలో మట్టి నింపి, గాజుకన్ను పెట్టి, రెప్పని దాని మీదకి సూది మొనతో సర్దాలి. తరవాత వారం రోజులు పొద్దున్నొకసారి, రాత్రొకసారి చూసి, జరిగినచోటల్లా మళ్ళీ సర్దాలి. నిలబెట్టి వెళ్ళిపోతే పని అయిపోయినట్టు కాదు. నా మొదటి ఉడత ఏడాదిపాటు నన్ను అలాగే గుడ్లురిమి చూసింది.

మరొకరు:
పై మాటలన్నీ నిజమే. పెంపుడు పావురం గనక పేచీ లేకపోవచ్చు గానీ, అడవి పక్షి దారిలో చచ్చిపడి ఉన్నా సరే, అనుమతి లేకుండా తీసుకోవడం చాలా దేశాల్లో నేరం. ఒక్క ఈకకి కూడా వర్తించే చట్టాలున్నాయి. ముందు మీ ప్రాంతపు చట్టం చూసుకోండి. చేతి తొడుగులు, మాస్కు తప్పనిసరి. పాత నమూనా ఏదైనా చేతికొస్తే దుమ్ము ఊదకండి. 18వ శతాబ్దం నుంచి 20వ శతాబ్దంలో చాలాకాలం దాకా పురుగు పట్టకుండా ఆర్సెనిక్ అనే విషం పూసేవారు.

బొమ్మలు గీస్తారన్నారు కాబట్టి ఒక సంగతి. అమెరికాలో పక్షుల బొమ్మలు గీసిన ఆడుబాన్ (1785–1851) చనిపోయిన పక్షిని తీగలతో గళ్ళ పలక మీద నిలబెట్టి, అవే గళ్ళున్న కాగితం మీద దించేవాడు. ఒలవకముందు మీరూ పక్షిని గళ్ళ కాగితం మీద పెట్టి ఓ బొమ్మ గీయండి. ముక్కు, కాళ్ళ రంగులు కూడా అప్పుడే రాసుకోండి, ఆరాక వెలిసిపోతాయి. పల్చటి పూతలుగా మళ్ళీ వేయాల్సింది మీరే.

ప్రశ్న అడిగినవారు:
ఒళ్ళు పారేశాను, కొలతలు లేవు. మెడని ఇప్పుడేమీ చేయలేను. ఆరిపోయిన రెప్పలకైనా దారి ఉందా?

జవాబు:
ఉంది. దూది తడిపి రెప్పల మీద కొన్ని గంటలుంచండి. మెత్తబడ్డాక కింద కొత్త మట్టి దూర్చి సర్దండి. ముక్కు వైపు నుంచి ఎదురుగా చూస్తూ చేయండి, రెండు కళ్ళూ ఒకే ఎత్తులో ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
పొద్దున్నే దూది పెట్టాను. ఎడమ రెప్ప కదిలింది, ఆ వైపు నుంచి చూస్తే ఇప్పుడు కునుకు తీయబోతున్నట్టుంది. కుడిది ఇంకా మొరాయిస్తోంది.