పదో తరగతి పిల్లలకు ఈ పాఠం ఎలా చెప్పాలి?

నమస్కారం. ఆదోని దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. ప్రత్యుత్పత్తి పాఠం రాగానే "మీరే చదువుకోండి" అని దాటేయడం మా దగ్గర పాత అలవాటే. ఈసారి పేర్లు రాయకుండా ప్రశ్నలు వేయమని తరగతిలో ఒక అట్టపెట్టె పెట్టాను. అందులో ఒక చీటీ: "వాంతులు కాకపోతే కడుపు రానట్టే కదా మేడమ్?" సినిమాల్లో కథానాయికకు ఒక్క వాంతి కాగానే ఇంటిల్లిపాదికీ సంగతి తెలిసిపోతుంది మరి! మిగతా జ్ఞానమంతా ఫోనులో రీల్స్ ఇస్తున్నాయి.

నవ్వుకుని వదిలేసే విషయం కాదిది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం అప్పటికే తల్లులో గర్భవతులో. దేశ సగటు 6.8. మిరప కోతలకు గుంటూరు వైపు వలస వెళ్లేటప్పుడు ఆడపిల్లను ఒంటరిగా వదలలేక పెళ్లి చేసేసేవారు మా వైపు ఉన్నారు. 18 ఏళ్ల చట్టం తెలియక కాదు. పిల్లల సహాయవాణి 1098కి ఫోను చేస్తే పెళ్లి ఆగవచ్చు, తర్వాత ఆ పిల్లను బడి మాన్పిస్తే?

మగపిల్లలను, ఆడపిల్లలను కలిపి కూర్చోబెట్టి చెప్పాలా, విడివిడిగానా? కలిపే చెప్పాలని నా అభిప్రాయం, కానీ అలా చేసి చూసినవారి మాట వినాలని ఉంది. తల్లులతో ముందుగా మాట్లాడినవారు ఎలా మొదలుపెట్టారు? పిల్లలకు అర్థమయ్యే తెలుగు పుస్తకాలు, వీడియోలు ఉంటే చెప్పండి. "ఇవన్నీ చెబితే పిల్లలు చెడిపోతారు" అనే సలహా మాత్రం వద్దు, అది మా స్టాఫ్ రూములో రోజూ దొరుకుతోంది.