చికిత్స ముగిసినా వదలని బెంగ

ప్రశ్న:
రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషన్ పూర్తయి, ప్రస్తుతం క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే టమాక్సిఫెన్ మాత్రలు వాడుతున్నాను. గండం గడిచిందని అందరూ అంటున్నారు గానీ, చెకప్ తేదీ దగ్గరపడే కొద్దీ నిద్ర పట్టడం లేదు. నడుము కాస్త నొప్పి పుట్టినా ఎముకలకు పాకిందేమోనన్న అనుమానం పీడిస్తోంది. ఏటా పెట్ స్కాన్ (ఒంట్లో క్యాన్సర్ ఎక్కడైనా ఉందేమో చూసే స్కాన్) చేయించుకుంటే ఈ బెంగ తగ్గుతుందా?

జవాబు 1:
చికిత్స జరిగినన్నాళ్లూ ఆసుపత్రి చుట్టూ తిరగడంతోనే సరిపోతుందండీ. భయపడే తీరిక ఆ తరువాతే దొరుకుతుంది. లక్షణాలేవీ లేనివారికి ఏటా పెట్ స్కాన్ అవసరం లేదనే అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మొదటి 3 ఏళ్లు 3 నుంచి 6 నెలలకోసారి వైద్యుల పరీక్ష, ఏడాదికోసారి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) ముఖ్యం. స్కాన్‌లో కనిపించే నిరపాయకరమైన మచ్చలు మరిన్ని పరీక్షలకూ, మరింత బెంగకూ దారితీయవచ్చు. అయితే నడుము నొప్పి తగ్గకుండా కొనసాగితే మాత్రం చెకప్ తేదీ వచ్చేదాకా ఆగకుండా చూపించుకోండి.

జవాబు 2:
ఆందోళనకు మందులు అవసరమైతే, టమాక్సిఫెన్ వాడుతున్నట్టు మానసిక వైద్యులకు తప్పక చెప్పండి. ఆందోళనకు ఇచ్చే పారాక్సిటిన్, ఫ్లూయాక్సిటిన్ వంటి మందులు టమాక్సిఫెన్ కాలేయంలో క్రియాశీల రూపానికి మారడాన్ని అడ్డుకుంటాయి కనుక వేరే మందు ఎంచుకుంటారు. పాత చీటీ చూపించి దుకాణంలో కొనుక్కోవడం (మన దగ్గర ఇది మామూలే) మీకు అసలు తగదు.

జవాబు 3:
రాత్రివేళ బెంగ ముంచెత్తితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు, రుసుము లేదు.