గాలితోనా, నీటితోనా? కొత్త ఎయిర్ లైనుకు లీకు పరీక్ష

కొత్త ఇంజనీరు (ప్రశ్న):

నమస్కారం. మా కర్మాగారంలో కంప్రెసర్ గది నుంచి ప్యాకింగ్ విభాగం దాకా దాదాపు 100 మీటర్ల పొడవున ఆరు అంగుళాల కార్బన్ స్టీల్ లైను కొత్తగా వేశారు. డిజైన్ పీడనం 10 బార్లు. అందులో నడిచేది ఎలాగూ గాలే కదా, కంప్రెసర్ పక్కనే ఉండగా నీళ్లు నింపడం, తీయడం, ఆరబెట్టడం ఎందుకని కాంట్రాక్టర్ గారు గాలితోనే పరీక్ష చేద్దామంటున్నారు. మా మేనేజరు గారు నీటితో తప్ప వీల్లేదంటున్నారు. కారణం అడిగితే గాలి ప్రమాదమన్న ఒక్క మాటతో సరిపెట్టారు. మేము పాటించే పైపింగ్ ప్రమాణం ఏఎస్ఎమ్ఈ బి31.3 ప్రకారం నీటితో అయితే డిజైన్ పీడనానికి ఒకటిన్నర రెట్లు, అంటే 15 బార్లు ఎక్కించాలి. గాలితో అయితే 1.1 రెట్లు, 11 బార్లు చాలు. తక్కువ పీడనంతో చేసే పరీక్ష ఎక్కువ ప్రమాదం ఎలా అవుతుందో నాకు బోధపడటం లేదు. దయచేసి తెలిసినవారు వివరించగలరు.

జుబైల్ ఫిట్టర్:

మీ సందేహం సహజమైనదే. సౌదీకి వచ్చిన కొత్తలో నాకూ ఇదే అనుమానం ఉండేది. గేజ్ ముల్లు పీడనాన్ని మాత్రమే చూపుతుంది, గొట్టంలో ఎంత శక్తి దాగి ఉందో చూపదు. నీటిని ఎంత నొక్కినా అది కుదించుకుపోయేది అతి స్వల్పం కాబట్టి దానిలో నిల్వ ఉండే శక్తీ స్వల్పమే. గాలి అలా కాదు, నొక్కిన స్ప్రింగు లాగా కాచుకుని కూర్చుంటుంది.

మీ లైనుకే లెక్క వేసి చూశాను. లోపలి ఘనపరిమాణం సుమారు 1.86 ఘనపు మీటర్లు. 15 బార్ల వద్ద ఆ నీటిలో నిల్వ ఉండేది దాదాపు వెయ్యి జౌళ్లు, అంటే 50 కిలోల సిమెంటు బస్తా రెండు మీటర్ల ఎత్తు నుంచి పడినంత. 11 బార్ల వద్ద అదే గొట్టంలోని గాలిలో సుమారు 28 లక్షల జౌళ్లు ఉంటాయి. పది టన్నుల లారీ గంటకు 85 కిలోమీటర్ల వేగంతో వచ్చి గుద్దినంత. పీడనం తక్కువే అయినా శక్తి దాదాపు మూడు వేల రెట్లు ఎక్కువ. వెల్డు విడిపోతే నీటి లైనులో ఒక్క చిమ్ము చిమ్మి ముల్లు కిందికి పడిపోతుంది. గాలి లైనులో పగులు సాగుతున్నంతసేపూ వెనుక నుంచి గాలి తోస్తూనే ఉంటుంది కాబట్టి చివర బిగించిన బ్లైండ్ (గొట్టాన్ని మూసే పళ్లెం) ఫిరంగి గుండులా లేచిపోవచ్చు.

అయితే నీరు పోసినంత మాత్రాన భద్రత వచ్చేసిందని అనుకోకండి. ఎత్తైన చోట్ల వెంట్లు (గాలి బయటికి పోయే వాల్వులు) తెరిచి, నీరు బుడగలు లేకుండా ధారగా వచ్చేవరకు ఆగకపోతే, లోపల చిక్కిన గాలి వల్ల మీరు చేసేది సగం గాలి పరీక్షే అవుతుంది. బోరు నీటిలో ఉప్పుదనం సంగతి కూడా చూసుకోండి. మీది కార్బన్ స్టీల్ కాబట్టి ఫరవాలేదు గానీ, స్టెయిన్‌లెస్ స్టీల్ లైనైతే క్లోరైడ్ల పరిమితి తప్పక అడుగుతారు.

ఏసీ లైన్ల మెకానిక్:

పై వారు చెప్పినదానితో ఏకీభవిస్తూనే ఒక మాట. నీరు పోయకూడని లైన్లు ఉన్నాయి. మేము వేసే రిఫ్రిజిరెంట్ రాగి గొట్టాల్లో తేమ మిగిలితే ఆయిల్‌తో కలిసి ఆమ్లాలు పుట్టి కంప్రెసర్ పాడవుతుంది. అందుకే పొడి నైట్రోజన్ తప్ప వేరే మార్గం లేదు. (నైట్రోజన్ సిలిండర్ అయిపోయిందని ఆక్సిజన్ ఎక్కించేవారిని చూశాను, నూనె ఉన్న చోట అది పేలుడుకు పిలుపు.) పెద్ద వ్యాసం గల గ్యాస్ లైన్ల సపోర్టులు కూడా నీటి బరువుకు లెక్కకట్టినవి కాకపోవచ్చు.

తప్పనిసరై గాలితో చేయవలసి వస్తే, ముందు మనుషులను దూరం పంపి, సేఫ్టీ వాల్వు పెట్టి, 1.7 బార్ల దగ్గర, లేదా పరీక్ష పీడనంలో సగం అంతకంటే తక్కువైతే అక్కడ, ఆగి తొలి తనిఖీ చేసి, తర్వాత మెట్టు మెట్టుగా ఎక్కించాలి. పూర్తి పీడనం వద్ద ఎవరూ దగ్గరికి పోరాదు. డిజైన్ పీడనానికి దించిన తర్వాతే సబ్బునీళ్లతో వెళ్లాలి. పీవీసీ గొట్టాలకు మాత్రం గాలి పరీక్ష అసలు వద్దు, అవి పగిలితే పెంకులై ఎగురుతాయి.

కొత్త ఇంజనీరు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మేనేజరు గారి మాటే నెగ్గింది, నేడు నీటితో మొదలుపెట్టాము. ఉదయం ఎనిమిదింటికి 15 బార్లు పెట్టి పంపు కట్టేశాము. తొమ్మిదింటికి గేజ్ 19 చూపుతోంది! లీకైతే తగ్గాలి గానీ పెరగడమేమిటి?

జుబైల్ ఫిట్టర్:

లైను ఎండలో ఉందా? అయితే ముందు డ్రెయిన్ కొద్దిగా తెరిచి 15కు దించండి. నిండా నీరున్న ఉక్కు గొట్టంలో ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే చాలు, నీరు గొట్టం కంటే ఎక్కువ వ్యాకోచించి పీడనాన్ని నాలుగైదు బార్లు ఎగదోస్తుంది. గాలిలో అదే ఒక డిగ్రీకి 0.04 బారు మాత్రమే. కాబట్టి సాయంత్రం చల్లబడి ముల్లు తగ్గితే దాన్ని లీకు అని రాయకండి, ఎండలో పెరిగి సరిపోతే లీకు లేదని కూడా రాయకండి. రేపు తెల్లవారుజామునే మొదలుపెట్టి, కనీసం పది నిమిషాలు నిలిపి, ప్రతి జాయింటునూ కళ్లతో చూసి ముగించండి. పరీక్ష ముగిశాక నీరంతా ఖాళీ చేసేటప్పుడు పై వెంట్ తెరవనిదే కింది డ్రెయిన్ తెరవకండి. ఆరబెట్టడానికి ఎలాగూ గాలి ఊదుతారు కదా, నీరు పూర్తిగా పోయాక అదే గాలిని ఒకటి రెండు బార్ల దగ్గర నిలిపి, ఫ్లాంజులకు, థ్రెడ్ జాయింట్లకు సబ్బునీళ్లు పూయండి. నీటి చుక్క బయటికి రాని సందుల్లోంచి గాలి బుడగ రావచ్చు, ఆ లైనులో చివరికి నడిచేది గాలే కదా.